చలికాలంలో గ్రీసు దీవులు: ఓడెక్కి రేవు రేవుకీ తీరిగ్గా తిరగడం ఎలా

ఫిబ్రవరి నెల, ఉదయం పదకొండు దాటింది. సీరోస్ దీవి రేవు ఎర్మూపోలీ దగ్గరపడుతోంది. ఓడ కింది అంతస్తులో, లారీల మధ్య, ఓ ముప్పై మందిమి సంచులు పట్టుకుని నిలబడ్డాం. ఓడ ఇంకా పూర్తిగా ఆగనే లేదు, వెనక తలుపు గొలుసుల చప్పుడుతో కిందికి వాలడం మొదలైంది. ముందు ఒక గీతంత వెలుగు, తర్వాత ఆకాశం, ఆ తర్వాత కొండ మీద ఇళ్ళు, చివరికి తడిసిన సిమెంటు గట్టు. గట్టు మీద ఎదురుచూస్తున్న వాళ్ళలో టూరిస్టు ఒక్కరూ లేరు. గ్యాస్ సిలిండర్ల లారీ ఒకటి, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కూతురి కోసం వచ్చిన తండ్రి, ఓడలో వచ్చే పార్సిల్ కోసం స్కూటర్ మీద వచ్చిన కుర్రాడు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ర్యాంప్ దిగుతూ, "ఇది ఊరు రా, ఊరికే చూసిపోయే చోటు కాదు" అంది.

సైక్లడీస్ అనే ఈ దీవుల గుంపు ఏథెన్స్‌కి ఆగ్నేయంగా ఏజియన్ సముద్రంలో ఉంటుంది. శాంటొరినీ, మికొనోస్ ఫొటోలు అందరం చూసినవే. జులై, ఆగస్టుల్లో అక్కడ తిరునాళ్ళ రద్దీ. నవంబరు వచ్చేసరికి హోటళ్ళు చాలావరకు మూతపడతాయి. ఓడలు మాత్రం ఆగవు. దీవిలో ఉండేవాళ్ళకు పిండి, మందులు, పశువుల దాణా, సిమెంటు, పార్సిళ్ళు అన్నీ ఓడ మీదే రావాలి కదా. టూరిస్టులు వెళ్ళిపోయాక ఆ ఓడల్లో ప్రయాణించడం ఎలాగో, నేను రెండుసార్లు వెళ్ళి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. సముద్రంలో ఈత మీ కోరికైతే మాత్రం ఇది మీ ప్రయాణం కాదు. రేవు ఊళ్ళలో నడవడం, కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగడం, ఓడ వచ్చే వేళకు గట్టు మీదికి వెళ్ళి నిలబడటం ఇష్టమైనవాళ్ళు చదవండి.

ముందు నెల తేల్చుకోండి

అక్టోబరులో నీళ్ళు ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి, ఓడలూ బాగానే ఉంటాయి, జనం పలచబడతారు. చలికి భయపడేవాళ్ళు అక్టోబరు మొదటి మూడు వారాలు చూసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో వానలు మొదలవుతాయి. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. జనవరిలో ఒక వింత ఉంది. నడిచలికాలంలో గాలి పూర్తిగా పడిపోయి, ఎండ కాసి, సముద్రం చెరువులా ఉండే రోజులు కొన్ని వస్తాయి. వాటిని ఆల్కియోన్ రోజులంటారు. లకుముకి పిట్ట గుడ్లు పెట్టి పొదగడానికి దేవుడు గాలిని ఆపేశాడని పాత కథ. ఆ రోజులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి వాటి కోసం టికెట్ కొనకండి. వస్తే అదృష్టం.

నన్నడిగితే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలాఖరు దాకా బాగుంటుంది. వేసవిలో ఎండి గోధుమరంగులో కనిపించే ఈ దీవులు చలికాలపు వానలకు పచ్చబడతాయి. గట్ల మీద, రాళ్ళ గోడల సందుల్లో పూలు పూస్తాయి. ఫొటోల్లో ఎక్కడా కనిపించని రంగు అది.

పండగ చూసుకుని వెళ్ళగలిగితే ఇంకా మంచిది. డిసెంబరు 6 నావికుల్ని కాపాడతాడని నమ్మే సెయింట్ నికొలస్ పండగ. క్రిస్మస్‌కి దీవుల్లో చెట్టు బదులు చిన్న పడవకు దీపాలు కట్టే పాత అలవాటు ఉంది. జనవరి 6న ప్రతి రేవులోనూ పూజారి శిలువను సముద్రంలోకి విసురుతాడు, కుర్రాళ్ళు ఆ చలినీళ్ళలోకి దూకి దాన్ని పైకి తెస్తారు, రేవులో ఉన్న ఓడలన్నీ ఒకేసారి హారన్ మోగిస్తాయి. ఈస్టర్‌కి ముందు ఉపవాస దినాలు మొదలయ్యే సోమవారాన్ని 'శుద్ధ సోమవారం' అంటారు. 2027లో అది మార్చి 15. ఆ రోజు పిల్లలూ పెద్దలూ గాలిపటాలు ఎగరేస్తారు. మన సంక్రాంతిని అక్కడ చూసినట్టే ఉంటుంది.

దారి: ఒక గీత మీద రెండు మూడు రేవులు చాలు

ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి చలికాలంలోనూ నమ్మకంగా నడిచే పెద్ద ఓడల దారులు రెండు. మొదటిది సీరోస్, టీనోస్, మికొనోస్. రెండోది పారోస్, నాక్సోస్, శాంటొరినీ. వేసవిలో ఒక దారి నుంచి ఇంకో దారికి రోజూ బోట్లుంటాయి, చలికాలంలో వారానికి కొన్ని రోజులే. అందుకని మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒకే దారి పట్టుకోండి. పది రోజులుంటే సీరోస్, టీనోస్ చాలు. రెండు వారాలుంటే సీరోస్‌కి తిరిగొచ్చి, అక్కడి నుంచి పారోస్ వైపు ఓడ ఏ రోజు ఉందో చూసుకుని నాక్సోస్ కూడా కలుపుకోవచ్చు.

చలికాలంలో ఏ దీవి బతికి ఉంటుందో ముందే కనుక్కోవాలి. సీరోస్ సైక్లడీస్‌కి పరిపాలనా కేంద్రం. కోర్టు, ఆఫీసులు, యూనివర్సిటీ విభాగం, నౌకలు బాగుచేసే యార్డు, 20 వేలకు పైగా జనం ఉన్న దీవి. అక్కడ ఫిబ్రవరిలోనూ కూరగాయల బజారు నిండుగా ఉంటుంది. నాక్సోస్‌లో వ్యవసాయం, పశువులు ఉన్నాయి కాబట్టి అదీ మామూలుగానే నడుస్తుంది. టీనోస్‌కి భక్తులు ఏడాది పొడుగునా వస్తారు. మికొనోస్, శాంటొరినీ మాత్రం టూరిస్టుల మీదే ఎక్కువ ఆధారపడ్డవి. వాటిని ఒక రోజు చూడటానికి పెట్టుకోండి, మకాం పెట్టడానికి వద్దు.

చిన్న దీవులకు వెళ్ళే ఓడలు కొన్ని లాభం లేకపోయినా ప్రభుత్వం డబ్బిచ్చి నడిపించేవి. అక్కడి భాషలో ఆ దారుల్ని 'ఆగొని గ్రమ్మి' అంటారు, అంటే గొడ్డు దారి అని. రెండోసారి వెళ్ళినప్పుడు వాటి జోలికి వెళ్ళండి. వాటికి సమయం చాలా కావాలి.

రోజుల లెక్క: అన్నిటికన్నా ముఖ్యం ఇదే

గాలి వేగాన్ని అక్కడ బోఫర్ట్ అంకెల్లో చెప్తారు. 6 అంటే గంటకు సుమారు 39 నుంచి 49 కిలోమీటర్లు. 8 అంటే 62 నుంచి 74. సాధారణంగా 8కి చేరితే పెద్ద ఓడల్నీ ఆపేస్తారు, చిన్న ఫాస్ట్ బోట్లు అంతకు చాలా ముందే ఆగిపోతాయి. ఆపే నిర్ణయం కెప్టెన్ చేతిలో ఉండదు, కోస్ట్ గార్డ్ కింద పనిచేసే రేవు అధికారులు తీసుకుంటారు. ఈ నిషేధాన్ని 'అపగొరెఫ్తికో' అంటారు. చలికాలంలో ఆ మాట కాఫీ షాపులో, బజారులో, బస్సులో, అంతటా వినిపిస్తుంది. ఒక పూట నుంచి రెండు మూడు రోజుల దాకా ఉండొచ్చు. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2000 సెప్టెంబరు 26 రాత్రి, పెద్ద గాలిలో, 'ఎక్స్‌ప్రెస్ సమీనా' అనే ఓడ పారోస్ రేవు బయట రాళ్ళను గుద్దుకుని మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. ఓడ ఆపేశారని మీకు విసుగొచ్చినప్పుడు ఆ రాత్రిని తలుచుకోండి.

మొదటిసారి నేను చేసిన తప్పు చెప్తాను. నాక్సోస్ నుంచి శనివారం ఓడ, ఆదివారం పొద్దున ఏథెన్స్ నుంచి విమానం. కాగితం మీద లెక్క సరిగ్గా సరిపోయింది. శుక్రవారం సాయంత్రం నుంచే గాలి లేచింది. రాత్రంతా కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది. పొద్దున రేవులోకి వెళితే గేటు మూసేసి ఉంది, గట్టు మీదికి అలలు ఎగిరి పడుతున్నాయి. సోమవారం మధ్యాహ్నం దాకా ఒక్క ఓడ కదల్లేదు. విమానం వెళ్ళిపోయింది, ఆ టికెట్ డబ్బు తిరిగి రాలేదు. కొత్త టికెట్‌కి ఇంకా ఎక్కువ పెట్టాను. ఆ మూడు రోజులూ నేను పడ్డ టెన్షన్‌లో నాక్సోస్‌ని కళ్ళెత్తి చూడలేదు, అది ఇప్పటికీ బాధగా ఉంది.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ప్రతి రేవులో కనీసం మూడు రాత్రులు. విమానానికి రెండు రోజుల ముందే పిరేయస్ చేరిపోవాలి. మధ్యలో ఎక్కడా వాడని రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. రోజులు చాలకపోతే ఒక దీవి తగ్గించండి, ఖాళీ రోజుల్ని తగ్గించకండి. ఆ ఖాళీ రోజులు వృథా కావు. గాలి రాకపోతే మీకు నచ్చిన ఊళ్ళో ఇంకో రెండు రోజులు ఉంటారు, అంతే.

టికెట్లు

పెద్ద ఓడనే ఎంచుకోండి. నిదానంగా వెళ్తుంది, టికెట్ ఫాస్ట్ బోటు కన్నా బాగా తక్కువ, బయట డెక్ మీద నిలబడటానికి వీలుంటుంది. పిరేయస్ నుంచి సీరోస్‌కి దాదాపు నాలుగు గంటలు, నాక్సోస్‌కి ఐదు గంటల పైన, శాంటొరినీకి ఏడున్నర, ఎనిమిది. చలికాలంలో సీట్ల కోసం తొందరపడక్కర్లేదు. వెళ్ళేటప్పటి మొదటి టికెట్ ఒక్కటి ముందే కొని, మిగతావి ఒకటి రెండు రోజుల ముందు గాలి చూసుకుని కొనండి. ఆన్‌లైన్‌లో కొనొచ్చు, రేవు ఎదురుగా ఉండే చిన్న ఏజెన్సీ షాపుల్లోనూ కొనొచ్చు. నేను షాపులోనే కొంటాను. రేపు ఓడ వస్తుందో రాదో ఆ కౌంటర్లో కూర్చున్నావిడ ఆకాశం చూసి చెప్పినంత బాగా ఏ యాప్ చెప్పలేదు. పండగ ముందు రోజులు, మూడు రోజుల సెలవులు మాత్రం దీనికి మినహాయింపు. అప్పుడు ఏథెన్స్ జనమంతా సొంతూళ్ళకు బయల్దేరతారు, మన సంక్రాంతికి విజయవాడ బస్సుల్లాగే.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల గందరగోళం తెలుసు కదా, అక్కడ ఇంటిపేరు అన్న గడిలో పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని ఉన్నదే రాయండి.

గాలి వల్ల ఓడ రద్దయితే డబ్బు వాపసు తీసుకోవాలా, తర్వాతి ఓడలో వెళ్ళాలా అన్నది మీ ఇష్టం. ఈ హక్కు యూరప్ చట్టంలోనే ఉంది. కానీ వాతావరణం వల్ల ఆగితే హోటల్ ఖర్చు కంపెనీ పెట్టుకోవాల్సిన పని లేదు. ఆ ఖర్చు మీదే, ముందే లెక్కలో వేసుకోండి. నావికుల సమ్మెలు కూడా అప్పుడప్పుడు జరుగుతుంటాయి, అవి సాధారణంగా కొన్ని రోజుల ముందే ప్రకటిస్తారు.

వీసా, సంచి

షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. 30 వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా రోజులు అడిగేటప్పుడు మీ ఖాళీ రోజుల్ని కూడా కలిపి అడగండి. ఓడ ఆగిపోయి వీసా గడువు దాటితే పెద్ద చిక్కు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటూ ఉద్యోగం చేసుకుంటూ ఉన్న మనవాళ్ళకు ఈ గొడవ లేదు, ఒక వారం సెలవు దొరికితే చాలు.

సంచి చిన్నది, చక్రాలు గట్టివి ఉండాలి. రేవు ఊళ్ళన్నీ రాతి మెట్లూ గతుకుల సందులే. గాలి చొరబడని జాకెట్, తడిస్తే జారని బూట్లు తప్పకుండా పెట్టుకోండి. గొడుగు వద్దు, అక్కడి గాలికి ఒక్క పూట కూడా నిలవదు.

పిరేయస్‌లో పొద్దున

సైక్లడీస్ ఓడలు ఎక్కువగా ఉదయం ఏడున్నర ప్రాంతంలో బయల్దేరతాయి. విమానం దిగిన రోజే ఓడెక్కాలని చూడకండి, ఒక రాత్రి పిరేయస్‌లో పడుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో 3వ లైన్ 2022 అక్టోబరు నుంచి నేరుగా పిరేయస్‌కి వస్తోంది, గంట పడుతుంది. రాత్రి పొద్దుపోయి దిగితే ఎక్స్96 బస్సు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

రేవు చాలా పెద్దది. గేట్లకు ఇ1, ఇ2 అని నంబర్లుంటాయి. మీ గేటు ఏదో టికెట్ మీద చూసి, ముందు రోజు సాయంత్రమే ఒకసారి నడిచి చూసి రండి. కొన్ని గేట్లు మెట్రో స్టేషన్‌కి ఎదురుగానే ఉంటాయి, కొన్నింటికి రేవు లోపలి బస్సు ఎక్కాలి. పొద్దున అరగంట ముందు గేటు దగ్గర ఉంటే చాలు. పెద్ద సంచుల్ని కింద గ్యారేజీ అరల్లో పెట్టాలి, ఏ దీవికి ఏ అరో బోర్డు ఉంటుంది. పాస్‌పోర్టు, డబ్బు, మందులు, శాలువా పైకి తెచ్చుకోండి, మధ్యలో గ్యారేజీలోకి వెళ్ళనివ్వరు.

ఓడలో

మామూలు టికెట్‌కి నంబరు సీటు ఉండదు. ఎక్కగానే లాంజ్‌లో కిటికీ పక్క సోఫా చూసుకోండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ఓడ ముందు భాగంలో కాకుండా మధ్యలో, వీలైనంత కింది అంతస్తులో కూర్చోవాలి. మాత్ర వేసుకునేదైతే ఎక్కడానికి ముందే వేసుకోండి, తిప్పడం మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. మా అమ్మ అల్లం మురబ్బా డబ్బా ఒకటి తెచ్చుకుంది. పక్క సోఫాలో ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని ఇబ్బంది పడుతుంటే అమ్మ ఒక ముక్క చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దిగేటప్పుడు ఆవిడ తన సంచిలోంచి రెండు నారింజలు తీసి అమ్మకిచ్చింది.

పిరేయస్ దాటిన మొదటి గంట, గంటన్నర డెక్ మీదే ఉండండి. రేవులో లంగరేసిన సరుకు ఓడలు, వెనక్కి జరిగిపోయే ఏథెన్స్ తెల్లటి ఇళ్ళు, కొంతసేపటికి ఎడమవైపు సముద్రంలోకి పొడుచుకొచ్చిన సూనియో కొస కనిపిస్తాయి. అక్కడ సముద్రదేవుడు పొసైడన్ గుడి స్తంభాలు ఉన్నాయి. గాలి శుభ్రంగా ఉన్న రోజు ఓడ నుంచి కూడా తెల్లగా కనిపిస్తాయి.

దిగడం గురించి గట్టిగా చెప్తున్నాను. రేవులో ఓడ ఆగేది కొద్ది నిమిషాలే. మైకులో మీ దీవి పేరు వినగానే కిందికి దిగి గ్యారేజీలో నిలబడాలి. కాఫీ పూర్తిచేసి వద్దామనుకుంటే తర్వాతి దీవిలోనే దిగుతారు.

గదిలో అడగాల్సినవి

ఆగస్టు ధరలో సగానికి సగం తగ్గడం చలికాలంలో మామూలే. నవంబరు నుంచి మార్చి దాకా రాత్రికి కట్టే ప్రభుత్వ పన్ను కూడా తక్కువ. బుక్ చేసినా సరే, బయల్దేరే ముందు రోజు ఓనర్‌కి ఫోన్ చేసి ఏ ఓడలో వస్తున్నారో చెప్పండి. చలికాలంలో రిసెప్షన్లో ఎవరూ కూర్చోరు, తాళం తీసుకుని వాళ్ళే రేవుకొస్తారు.

రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. గది వెచ్చగా ఉండటానికి ఏముంది? వేడినీళ్ళు ఎలా? చాలా ఇళ్ళలో వేడినీళ్ళు సోలార్‌వి. మబ్బు పట్టిన రోజు కరెంటు స్విచ్ వేసి అరగంట ఆగాలి, తర్వాత గుర్తుపెట్టుకుని ఆపేయాలి. ఆ స్విచ్ ఎక్కడుందో మొదటిరోజే చూపించమనండి. పేపర్లు టాయిలెట్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. దీవుల పైపులు సన్నవి.

షాపులు మధ్యాహ్నం రెండు రెండున్నరకి మూసేస్తారు, సాయంత్రం వారంలో కొన్ని రోజులే తిరిగి తెరుస్తారు. ఆదివారం అన్నీ బంద్. కాబట్టి శనివారం పొద్దునే పళ్ళు, బ్రెడ్, పెరుగు తెచ్చిపెట్టుకోండి.

ఎర్మూపోలీ: ఇక్కడ ఎక్కువ రోజులుండండి

1820లలో, గ్రీకు స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్నప్పుడు, ఖియోస్, ప్సారా లాంటి దీవుల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళు ఖాళీ తీరంలో కట్టుకున్న ఊరు ఎర్మూపోలీ. వర్తకుల దేవుడు హెర్మీస్ పేరు పెట్టుకున్నారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు కొన్ని దశాబ్దాల్లోనే దీన్ని గ్రీసులో పెద్ద రేవుల్లో ఒకటిగా నిలబెట్టారు, తర్వాత పిరేయస్ దాన్ని దాటేసింది. ఆ వైభవం అలాగే మిగిలిపోయింది. పాలరాయి పరిచిన మియావులీ కూడలి, దాని మీద ఊరికి మించినంత పెద్ద టౌన్ హాల్, 1864లో మొదలైన అపోలో నాటకశాల, సముద్రంలోకి నేరుగా దిగిపోతున్నట్టుండే పాత ఓడ యజమానుల ఇళ్ళ పేట వపోరియా.

మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళకండి. రేవు గట్టు పొడవునా ఒక చివర నౌకల యార్డు దాకా నడవండి. 1861లో మొదలైన యార్డు అది. ఇప్పటికీ ఇనుము మీద సుత్తి దెబ్బలు ఊరంతా వినిపిస్తాయి. దారిలో లుకూమి అనే మిఠాయి అమ్మే షాపులుంటాయి, గులాబీ వాసనది, మస్తిక్ అనే చెట్టు జిగురు వాసనది రెండూ రుచి చూడండి. మన హల్వాకి దగ్గర చుట్టంలా ఉంటుంది. రేవుకి దగ్గర్లో కోయిమిసిస్ అనే చిన్న చర్చి ఉంది. అందులో గుమ్మం దగ్గరున్న పటం ప్రఖ్యాత చిత్రకారుడు ఎల్ గ్రెకో గీసిందని 1983లో బయటపడింది. అంతవరకు ఊరివాళ్ళు దాని ముందు కొవ్వొత్తి వెలిగించి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పటికీ అంతే, టికెట్ లేదు, లైను లేదు.

రెండో రోజు ఆనో సీరోస్ కొండెక్కండి. వెనీసు వాళ్ళ కాలం నుంచి ఉన్న కాథలిక్కుల ఊరు. పక్క కొండ మీద ఆర్థొడాక్స్ వాళ్ళ చర్చి. శాఖలు వేరైనా రెండు కొండలవాళ్ళూ ఈస్టర్‌ని ఒకే రోజు చేసుకుంటారు. మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బస్సులో పైకెళ్ళి నడుచుకుంటూ దిగండి, అమ్మతో నేను అలాగే చేశాను.

ఓడలు ఎక్కడున్నాయో చూపించే మెరీన్ ట్రాఫిక్ యాప్ పుట్టింది ఈ ఊళ్ళోని ఏజియన్ యూనివర్సిటీ విభాగంలోనే. మీ ఫోన్లో పెట్టుకోండి. మీ ఓడ ఇంకా ఎంత దూరంలో ఉందో చూసుకుని తీరిగ్గా రేవుకి బయల్దేరొచ్చు.

టీనోస్

సీరోస్ నుంచి అరగంట, ముప్పావుగంట దూరం. ఓడ దిగగానే ఎదురుగా ఏటవాలు వీధి, పైన మేరీమాత గుడి. 1823 జనవరి 30న ఇక్కడ భూమిలో ఒక పటం దొరికింది, అప్పటి నుంచీ ఇది గ్రీసుకి పెద్ద యాత్రాస్థలం. ఆ వీధి పక్కనే ఒక కార్పెట్ పట్టీ పరిచి ఉంటుంది. మొక్కుకున్నవాళ్ళు రేవు నుంచి గుడి దాకా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్తారు. మేం వెళ్ళిన రోజు వీధి ఖాళీగా ఉంది. సన్నటి వానలో ఒకే ఒక ఆవిడ, నలభై ఏళ్ళుంటాయేమో, మోకాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని పాకుతోంది. పక్కన ఆమె కొడుకు గొడుగు పట్టుకుని ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తున్నాడు. మా అమ్మ అక్కడే ఆగిపోయింది. తిరుమల నడకదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు మోకాళ్ళతో ఎక్కేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మిగతా వీధంతా నడిచింది.

గుడి లోపల తల ఎత్తి చూడండి. మొక్కు తీరినవాళ్ళు కట్టిన వెండి బొమ్మలు వందలకొద్దీ వేలాడుతుంటాయి. కళ్ళు, కాళ్ళు, ఊయలలు, ఎక్కువగా ఓడలు. అందులో ఒక ఓడకి అడుగున చేప అతుక్కుని ఉంటుంది. చిల్లుపడి మునిగిపోతున్న ఓడకి చేప అడ్డుపడి నీళ్ళు ఆపిందన్న మొక్కు అది. ఫొటోలు తీయకండి. మన గుడిలో ఎవరైనా ఏడుస్తూ దండం పెట్టుకుంటుంటే ఎలా పక్కకు తప్పుకుంటామో అక్కడా అలాగే ఉండండి.

ఆగస్టు 15న ఈ వీధిలో కాలు పెట్టే చోటుండదు. జనవరి 30, మార్చి 25 కూడా పెద్ద రోజులే, ఆ తేదీల్లో వెళ్తే గది ముందే చూసుకోండి. ఒక రోజు మిగిలితే బస్సులో పీర్గోస్ వెళ్ళండి. పాలరాతి శిల్పుల ఊరు, బస్టాపు కూడా పాలరాయిదే.

నాక్సోస్, పారోస్

నాక్సోస్ రేవులోకి ఓడ వస్తుంటే ఎడమవైపు ఒంటరిగా నిలబడ్డ రాతి ద్వారం కనిపిస్తుంది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో అపోలోకి గుడి మొదలుపెట్టి పూర్తి చేయలేదు, గుమ్మం మిగిలింది. సాయంత్రం అక్కడ కూర్చోండి. రేవు పక్కనే బస్సులుంటాయి, కొండ ఊళ్ళు ఖల్కీ, అపేరాంథోస్‌లకు వెళ్ళి రావచ్చు. తిరుగు బస్సు ఎన్నింటికో డ్రైవర్‌నే అడగండి, చలికాలపు టైమ్‌టేబుల్ వేరు. పారోస్‌లో రేవుకి నాలుగడుగుల దూరంలో వంద ద్వారాల చర్చి ఉంది. ఓడ మారడానికి కొన్ని గంటలు ఆగాల్సివస్తే అది చూడటానికి సరిపోతుంది.

శాకాహారులు ఏం తినాలి

చలికాలంలో వెళ్ళడానికి మనకు ఇంకో మంచి కారణం ఇదే. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో అక్కడి భక్తులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ రోజుల్లో హోటల్‌కి వెళ్ళి 'నిస్తీసిమా', అంటే ఉపవాస వంటలు, ఏమున్నాయని అడగండి. రొయ్యలు, నత్తల్లాంటివి వాళ్ళ ఉపవాసంలో తినొచ్చు కాబట్టి అది ఒక్కటీ విడిగా చెప్పుకోవాలి. మిగతా రోజుల్లో 'ఖోరీస్ క్రేయాస్' అంటే మాంసం లేకుండా అని, 'ఖోరీస్ ప్సారి' అంటే చేప లేకుండా అని.

ఫావా అడగండి. పసుపు పప్పు మెత్తగా ఉడికించి మెదిపి, పైన పచ్చి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. అచ్చం మన ముద్దపప్పు. అమ్మ సంచిలోంచి ఆవకాయ తీసేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. హోర్తా అంటే కొండల మీద కోసుకొచ్చిన ఆకుకూరలు, ఉడికించి నిమ్మకాయ పిండుతారు. వానలు పడ్డాకే అవి బాగుంటాయి, వేసవిలో వెళ్ళినవాళ్ళకు ఆ రుచి తెలియదు. టమాటా పులుసులో పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, రాత్రంతా మట్టికుండలో మగ్గిన శనగలు, నాక్సోస్ బంగాళదుంపల వేపుడు. రాత్రి తెరిచే చోట్లు తక్కువ కాబట్టి మధ్యాహ్నమే కడుపునిండా తినండి. ఊరివాళ్ళు నిండుగా కూర్చున్న చోటికే వెళ్ళండి.

ఓడ ఆగిపోయిన రోజు

ముందు టికెట్ కొన్న షాపుకి వెళ్ళి టికెట్‌ని తర్వాతి ఓడకి మార్పించుకోండి, ఆలస్యం చేస్తే ఆ ఓడ నిండిపోవచ్చు. వెంటనే గది ఓనర్‌కి చెప్పండి, చలికాలంలో ఇంకో రాత్రికి కాదనేవాళ్ళు అరుదు. ఆ తర్వాతి దీవిలో గది ఇచ్చేవాళ్ళకీ ఒక మెసేజ్ పెట్టండి. ఓడలు ఆగాయని వాళ్ళకు మీకన్నా ముందే తెలుసు, సాధారణంగా డబ్బు పట్టుకోరు. ఈ మూడు పనులూ గంటలో అయిపోతాయి.

ఇక రేవు పక్క కాఫీ షాపులో కూర్చోండి. ముసలివాళ్ళు తావ్లీ ఆడుతుంటారు, గవ్వలాటకి పెద్దన్నలాంటి ఆట. నిషేధం ఎత్తేశారన్న కబురు ఫోన్లకన్నా ముందు ఆ బల్లల మీదే తెలుస్తుంది. మొదటి ఓడ చాలాసార్లు అర్ధరాత్రో తెల్లవారుజామునో బయల్దేరుతుంది, సంచి సర్ది తలుపు పక్కనే పెట్టుకుని పడుకోండి. పెద్ద గాలి ఆగిన మరునాడు అలలు ఇంకా తగ్గి ఉండవు. మీతో పెద్దవాళ్ళుంటే ఆ మొదటి ఓడని వదిలేసి, దాని తర్వాతది ఎక్కండి.